జానెడు నీళ్ళలో తేలాల్సిన బోటు: ఒక పాత ఫైబర్ బోటు కొనుగోలు, మరమ్మతు

పాత బోటు చూడ్డానికి నన్ను వెంట తీసుకెళ్ళేవాళ్ళు ఎక్కువగా ఇంజిన్ గురించే అడుగుతారు. "ఒకసారి స్టార్ట్ చేసి చూడండి, సౌండ్ ఎలా ఉందో చెప్పండి" అంటారు. లోతు సముద్రంలోకి వెళ్ళే బోటయితే నేనూ అక్కడినుంచే మొదలుపెడతానేమో. కానీ ఒడ్డు వెంబడి, కయ్యల్లో, ఇసుక మేటల మీద మోకాలి లోతు నీళ్ళలో వేట చేసే బోటుకు నేను ముందు తేల్చుకునేది వేరు: ఈ బోటు బరువు ఎంత ఉండాలి, ఎంత ఉంది? ఈ కేసులో ఆ లెక్క 720 కిలోల దగ్గర మొదలై 580 దగ్గర ఆగింది. చేసిన పనంతా ఆ 140 కిలోల కోసమే.

బోటు వివరాలు ఇవి. పొడవు 5.2 మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు. అడుగు దాదాపు చదును, అణియం (ముందు భాగం) దగ్గర మాత్రం కాస్త కోణం తిరిగి ఉంటుంది. సుమారు 20 ఏళ్ళ వయసు. అమరానికి (వెనక భాగానికి) 40 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజిన్. కొనాలనుకున్నతను నాకంటే పదేళ్ళు చిన్నవాడు, నన్ను అన్నా అని పిలుస్తాడు. అతని దగ్గర అప్పటికున్న బోటు కోసు అడుగుది, తేలడానికి మూరెడు నీళ్ళు కావాలి. ఆటు మొదలవగానే వల సగంలో ఎత్తేసి బయటపడాల్సి వచ్చేది. అందుకే ఈ చదును బోటు మీద మనసు పడ్డాడు. అమ్మే ఆయన ఫోన్‌లో చెప్పిన మాట కూడా అతన్ని బాగా పట్టేసింది: "జానెడు నీళ్ళుంటే చాలు, తేలిపోతుంది."

జానెడంటే ఇంచుమించు 23 సెంటీమీటర్లు. నాలుగు సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే అనిపించవచ్చు. ఆటుపోట్ల లెక్క వేసి చూస్తే అది ఎంత పెద్ద తేడానో తెలుస్తుంది. పోటు పూర్తయ్యాక నీరు దిగడానికి పట్టే ఆరు గంటల్లో మొదటి గంట మొత్తం దిగుడులో 12వ వంతు దిగుతుంది. రెండో గంట రెండు వంతులు, మూడు, నాలుగు గంటలు మూడేసి వంతులు, ఐదో గంట రెండు, చివరి గంట మళ్ళీ ఒకటే. పోటుకూ ఆటుకూ మధ్య తేడా 120 సెంటీమీటర్లు ఉన్నచోట చివరి గంటలో నీరు దిగేది 10 సెంటీమీటర్లే. అంటే ఆ సమయంలో బోటు 6 సెంటీమీటర్లు పైకి తేలగలిగితే ఆటుకు ముందు 35 నిమిషాలు, తర్వాత మరో 35 నిమిషాలు ఎక్కువగా మేట మీద ఉండొచ్చు. చేపలు లోతు తగ్గిన కాలువల్లోకి వచ్చి గుమిగూడేది సరిగ్గా ఆ సమయంలోనే. ఈ లెక్క అతనికి కాగితం మీద వేసి చూపించాను. ఆ తర్వాత అతను రంగు గురించి మాట్లాడటం మానేశాడు.

చూసిన రోజు

మేం వెళ్ళేసరికి బోటు అడుగుకు కొత్త రంగు వేసి ఉంది. అమ్మకానికి ముందు అడుగుకు రంగు వేస్తే నాకు అనుమానం వస్తుంది. తప్పు దాచడానికే వేశారని అనను, కానీ చూడాల్సినవి కనిపించకుండా పోతాయి. అందుకే చూడ్డానికి సాయంత్రం టైమ్ అడిగాను. చీకటి పడ్డాక టార్చిలైటును బోటు ఒంటికి, అంటే హల్‌కు ఆనించి, వెలుగు పక్కవాటుగా పడేలా పట్టుకుంటే, పగటి వెలుతురులో నున్నగా కనిపించిన చోట కూడా ప్రతి గుంట, ప్రతి బొబ్బ నీడ వేస్తుంది. పావలా బిళ్ళంత బొబ్బలు కొన్ని కనిపించాయి. ఒకదాన్ని ఆయన అనుమతితో గీరితే పుల్లటి వాసనతో చుక్క నీరు వచ్చింది. ఫైబర్ పొరల్లోకి నీరు ఇంకి, ఆ పొరలను పట్టి ఉంచే జిగురు అయిన రెసిన్‌తో కలిసి పుల్లబడటం వల్ల వచ్చే బొబ్బలవి. చూడ్డానికి భయంగా ఉంటాయి కానీ, అంత చిన్నవి, అంత తక్కువ ఉంటే నేను వాటికోసం బోటు వదులుకోను.

తర్వాత ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తితో అడుగంతా, పక్కలంతా కొడుతూ వెళ్ళాను. గట్టిగా ఉన్నచోట 'టక్' మని మోగుతుంది. పొరలు విడిపోయినచోట, లోపల చెక్క మెత్తబడినచోట 'దబ్' మని మొద్దుగా వినిపిస్తుంది. ముందు సగం బాగా మోగింది. వెనక మూడోవంతులో శబ్దం పడిపోయింది. ట్రాన్సమ్ దగ్గర, అంటే ఇంజిన్ తగిలించే వెనక పలక దగ్గర, కింది సగమంతా మొద్దు శబ్దమే. నీళ్ళలోకి దిగే ఇంజిన్ కాలిని రెండు చేతులతో పట్టుకుని పైకి కిందికి ఊపాను, అతన్ని ట్రాన్సమ్ పై అంచు మీద వేలు పెట్టి ఉంచమన్నాను.

"కదులుతోందన్నా," అన్నాడు నెమ్మదిగా.

అప్పుడు నేను చేసిన పని చాలా చిన్నది. బోటు అడుగున నీళ్ళు వదిలే బిరడా చుట్టూ ఉండే ఇత్తడి రింగుకు మూడు మరలుంటాయి. అన్నిటికంటే కింద ఉన్న మరను విప్పాను. రెండు చుట్లు తిప్పేసరికే గట్టితనం లేకుండా ఊరికే తిరిగింది. బయటికి తీస్తే దాని వెనకాలే ముదురు గోధుమరంగు నీరు సన్నగా కారడం మొదలైంది. మాకు ఎదురుగా నిలబడ్డ అమ్మే ఆయన కూడా చూశాడు. అర నిమిషం అయినా అది ఆగలేదు. మర కొనకు అంటుకున్న చెక్కపొడిని వేళ్ళతో నలిపితే తడి మట్టిలా నలిగిపోయింది. తేమ చూసే మీటర్ నా దగ్గర ఉంది, దాని అంకెలు కూడా రాసుకున్నాను. కానీ కొత్త రంగులో లోహం ఉన్నా, పైన తడి ఉన్నా ఆ మీటర్ తప్పు చూపిస్తుంది. ఆ మర చూపించినదానికి అలాంటి అనుమానం ఏదీ లేదు.

తూకం

మర్నాడు పొద్దున బోటును నీళ్ళలోకి దించమన్నాను. బోటు తేలుతుండగా ఖాళీ ట్రెయిలర్‌ను వేబ్రిడ్జికి తీసుకెళ్ళి తూచాం: 260 కిలోలు. బోటును మళ్ళీ ఎక్కించి తూచాం: 980. బోటు, దాని మీద ఉన్న సామానుతో కలిపి 720 కిలోలు. అందులో ఇంజిన్ 100, బ్యాటరీ 20, 40 లీటర్ల పెట్రోలు 30, లంగరు, తాళ్ళు 20 తీసేస్తే హల్ ఒక్కటే 550 కిలోలు. ఆ మోడల్ హల్‌కు తయారీదారు కాగితాల్లో ఉన్న బరువు 390. అంటే 160 కిలోలు ఎక్కడినుంచో వచ్చి చేరాయి.

అంత బరువు ఎక్కడ దాక్కుంటుందో ఇలాంటి బోట్లు చూసినవాళ్ళకు తెలుసు. డెక్ కింద, బోటు మునిగినా తేలుతూ ఉండేందుకని నురగలా పోసే పాలియురేథేన్ ఫోమ్ ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు అది ఘనపు మీటరుకు 32 కిలోలే బరువు. ఫోమ్ లోపలి చిన్న చిన్న గదులు మూసి ఉన్నవే అంటారు కానీ, ఏళ్ళ తరబడి నీళ్ళలో నానితే గదుల గోడలు చిట్లి నీరు పట్టేస్తుంది. పైన డెక్ మూసి ఉంటుంది కాబట్టి ఆ నీరు ఆరే దారి లేదు.

160 కిలోలు బోటును ఎంత ముంచుతాయి? నీటి గీత దగ్గర ఈ బోటు పరుచుకునే విస్తీర్ణం సుమారు 6.2 చదరపు మీటర్లు. సముద్రపు నీరు ఘనపు మీటరుకు 1,025 కిలోలు. కాబట్టి ప్రతి 64 కిలోలకు బోటు ఒక సెంటీమీటరు దిగుతుంది. 160 కిలోలకు రెండున్నర సెంటీమీటర్లు, అదీ బరువు సరిగ్గా మధ్యలో ఉంటేనే. ఇక్కడ నీరంతా వెనక భాగంలో ఉంది. బోటు వెనక్కి ఒరిగి, అమరం దగ్గర ఇంకో నాలుగు సెంటీమీటర్ల పైనే దిగుతుంది. మొత్తం ఏడు సెంటీమీటర్లు.  పొద్దున తేలుతున్న బోటులో వెనకవైపు అతన్ని నిలబెట్టి, ట్రాన్సమ్ మీద నీటి గీత దగ్గర టేపు అంటించాం. ట్రెయిలర్ మీదికి వచ్చాక అడుగునుంచి టేపు దాకా కొలిస్తే 27 సెంటీమీటర్లు. ఏడు తీసేస్తే 20. అమ్మే ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. కొత్తలో ఆ బోటు నిజంగానే జానెడు నీళ్ళలో తేలి ఉంటుంది.

ఇంజిన్ విషయం త్వరగా చెబుతాను. మేం వచ్చేసరికి అది చల్లగానే ఉంది, చెయ్యి పెట్టి చూశాకే స్టార్ట్ చేశాం. ముందే వేడి చేసి ఉంచిన ఇంజిన్ ఎప్పుడూ బాగానే స్టార్ట్ అవుతుంది. మూడు సిలిండర్ల కంప్రెషన్‌లో తేడా 10 శాతం లోపే ఉంది. గేర్ ఆయిల్ మాత్రం పాలలా తెల్లబడింది, అంటే లోపలికి నీరు పోతోంది. ప్రొపెల్లర్ విప్పి చూస్తే షాఫ్ట్ చుట్టూ గాలపు దారం బిగుసుకుని ఉంది. అది సీల్‌ను కోసేసింది. సీల్ మార్చితే సరిపోతుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ 4,700 ఆర్‌పీఎం దాటలేదు. ఆ ఇంజిన్‌కు 5,000 నుంచి 6,000 మధ్య రావాలి. "ప్రొపెల్లర్ మార్చేద్దామా అన్నా?" అని అతను అడిగాడు. బరువు సంగతి తేలేదాకా దాని జోలికి పోవద్దన్నాను.

కాగితాల్లో హల్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ సరిపోయాయి. ఇది ఒక్క వాక్యంలో తేలిపోయింది కానీ, సరిపోకపోతే మిగతా ఏదీ చూడకుండా తిరిగి వచ్చేవాళ్ళం.

కొనాలా వద్దా? నా అభిప్రాయం ఎప్పుడూ ఒకటే. హల్ పై పొర గట్టిగా ఉండి, లోపలి చెక్క, ఫోమ్ పోయి, ఇంజిన్ బాగున్న బోటు కొనదగ్గదే, ధర ఆ లోపానికి తగ్గట్టు ఉంటే. మన చేతులతో చేసే పనితో అది బాగవుతుంది. కొత్త రంగు, కొత్త సీట్లు, కొత్త స్పీకర్లు పెట్టి, ఇంజిన్ లోపల ఉప్పు తినేసిన బోటు మాత్రం ఊరికే ఇచ్చినా నేను తీసుకోను. అమ్మే ఆయనకు మర, తూకం రశీదు, టేపు కొలత మూడూ చూపించి కూర్చుని మాట్లాడాం. అడిగిన ధరలో మూడోవంతు తగ్గించాడు. ఆయనా మర్యాదగానే మాట్లాడాడు, ఫోమ్‌లో అంత నీరుందని ఆయనకూ తెలియదు.

విప్పాక

డెక్‌ను అంచునుంచి 5 సెంటీమీటర్లు లోపలికి వదిలి కోశాం. ఆ అంచు ఉంటేనే తర్వాత డెక్‌ను అదే చోట కూర్చోబెట్టి అతికించడానికి ఆధారం ఉంటుంది. కోసేటప్పుడు బ్లేడు లోతు డెక్ మందానికి మాత్రమే బిగించుకోవాలి, కింద దూలాలు తెగకూడదు. ఫైబర్ ధూళి ఒంటికి తగిలితే రోజంతా దురద, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే జీవితాంతం బాధ. ఫుల్ చేతుల చొక్కా, కళ్ళద్దాలు, మంచి ఫిల్టర్ ఉన్న మాస్క్ లేకుండా గ్రైండర్ పట్టుకోవద్దని అతనికి గట్టిగానే చెప్పాను.

డెక్ పైకి ఎత్తగానే ముక్కుకు ముందు తెలిసింది, నిలవ నీటి వాసన. ఫోమ్ పైన పసుపు రంగులో పొడిగానే కనిపించింది. పలుగుతో ఒక ముక్క పెకలించాం: 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 10 మందం. అంటే ఆరు లీటర్ల ఫోమ్. పొడిగా ఉంటే 200 గ్రాములు కూడా తూగకూడదు. వేలాడదీసే కాటాకు తగిలిస్తే 2 కిలోల 400 గ్రాములు చూపించింది. అతను దాన్ని రెండు చేతులతో పిండాడు. స్పంజిని పిండినట్టు మోచేతుల దాకా నీళ్ళు కారాయి. తీసిన ఫోమ్ అంతా బస్తాల్లో వేసి తూచాం. 165 కిలోలు వచ్చింది. పొడిగా ఉంటే ఆ మొత్తం 11 కిలోలుండేది. మిగతా 154 కిలోలూ బోటు ఇన్నేళ్ళుగా మోస్తూ తిరిగిన నీరే.

ట్రాన్సమ్‌ను లోపలినుంచి విప్పాం. బయటి పొర అలాగే ఉంచి, లోపలి పొర కోసి తీసి, మధ్యలో చెక్కను ఉలితో, కొన్నిచోట్ల ఉత్త చేత్తోనే తీశాం. పైన ఇంజిన్ బోల్టుల చుట్టూ కాస్త గట్టిగా ఉంది. కింద బిరడా రంధ్రం చుట్టూ నల్లగా కుళ్ళిపోయింది. కారణం ఆ బిరడా రంధ్రమే. అప్పట్లో చెక్కను కోసి గొట్టం దూర్చారు కానీ, కోసిన చెక్క అంచుకు రెసిన్ పూయలేదు. సీలెంట్ ఎండి ముడుచుకున్నాక నీరు నేరుగా చెక్క మొదల్లోకి వెళ్ళింది. ఇంతింత బోట్లు చిన్న చిన్న మరల రంధ్రాల దగ్గర మొదలైన తడితోనే పాడవుతాయి.

నేను చేసిన పొరపాటు

ఇది దాచకుండా రాయాలి, ఎందుకంటే ఇదే పొరపాటు చాలామంది చేస్తారు. చెక్క తీసేశాక బయటి పొర లోపలివైపు గ్రైండ్ చేసి శుభ్రం చేశాను. చేతికి పొడిగా తగిలింది. అతనికి వేట సీజన్ దగ్గర పడుతోంది, రోజూ ఫోన్ చేస్తున్నాడు, నాకూ టెన్షన్ మొదలైంది. నాలుగు రోజులకే కొత్త పలక అతికించేశాను. మర్నాడు సుత్తితో కొట్టి చూస్తే ఎడమవైపు కింద రెండు అరచేతులంత మేర 'దబ్' మంది. పలక అతికించడానికి వాడిన ఎపాక్సీ రెసిన్ అక్కడ పట్టలేదు. ఫైబర్ పొరలో ఇంకా తేమ ఉంది.

పైనుంచి రంధ్రాలు వేసి రెసిన్ ఎక్కించి సరిపెట్టొచ్చని చాలామంది చెబుతారు. నాకు మనసొప్పలేదు. ఆ పలక మీద 100 కిలోల ఇంజిన్ వేలాడుతుంది, బోటు ప్రతి అల మీదా కొట్టుకున్నప్పుడల్లా ఆ బరువు దాన్ని గుంజుతుంది. పలక మొత్తం కోసి తీసేశాను. ప్లైవుడ్, రెసిన్, ఆరు రోజుల పని పోయాయి. ఆ సామాను ఖర్చు నేనే పెట్టుకున్నాను.

రెండోసారి తొందర పడలేదు. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని మూరెడు చదరంగా కోసి, నాలుగు అంచులా టేపుతో మూసి ట్రాన్సమ్ లోపలికి అంటించాను. ఎండ తగిలాక మర్నాడు చూస్తే కాగితం లోపలివైపు సన్నటి నీటి చుక్కలు. ఆ చుక్కలు కనిపించినంత కాలం ఫైబర్ ఇంకా తేమ వదులుతున్నట్టే. ఫ్యాను పెట్టి, రాత్రి పైన టార్పాలిన్ కప్పి, పగలు తీసి, ఆ కాగితం పూర్తిగా పొడిగా వచ్చేదాకా పని ఆపాను. 17 రోజులు పట్టింది. మొదటిరోజే ఈ పరీక్ష చేసి ఉంటే సీజన్‌లో ఆ ఆరు రోజులు అతనికి మిగిలేవి.

అతికించడం

పాత ఫైబర్ మీద కొత్త పొర వేసేటప్పుడు నేను ఎపాక్సీనే వాడతాను. బోటు మొదట తయారైంది పాలియెస్టర్ రెసిన్‌తోనే, అది చవక కూడా. కానీ ఎప్పుడో గట్టిపడిపోయిన పొరకు, చెక్కకు ఎపాక్సీ పట్టినంత గట్టిగా పాలియెస్టర్ పట్టదు. కొత్త ట్రాన్సమ్‌కు 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ రెండు పలకలు, ఒకదానికొకటి చిక్కటి ఎపాక్సీతో అతికించి, అంచులకు, రంధ్రాలకు మూడుసార్లు రెసిన్ పూసి తర్వాతే లోపల పెట్టాను. మామూలు ప్లైవుడ్ వాడొద్దు. జిగురు నీటికి ఆగినా, లోపలి పొరల్లో ఖాళీలుంటాయి, నీరు ఒకచోట దూరితే ఆ ఖాళీల వెంట పరుగెత్తుతుంది.

కొత్త మ్యాట్ (రెసిన్ పట్టించి వేసే ఫైబర్ గుడ్డ) పాత ఫైబర్‌కు కలిసేచోట, పాత పొర మందానికి 12 రెట్లు వెడల్పున ఏటవాలుగా గ్రైండ్ చేయాలి. 5 మిల్లీమీటర్ల మందానికి 6 సెంటీమీటర్ల వాలు. చూడ్డానికి బాగున్న ఫైబర్‌ను అంత దూరం గీరేయాలంటే ప్రాణం ఒప్పదు, కానీ నిటారు అంచు మీద అతికించిన మ్యాట్ ఆ అంచు దగ్గరే విరుగుతుంది.

ఎపాక్సీ గురించి అతనికి పదేపదే చెప్పాల్సి వచ్చిన మాట ఒకటుంది. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ కలపకూడదు. పాలియెస్టర్‌కు గట్టిపడేందుకు కలిపేది ఒకటి రెండు శాతం మాత్రమే, దాన్ని వాతావరణాన్ని బట్టి కాస్త అటూ ఇటూ చేయొచ్చు. ఎపాక్సీలో రెండు భాగాలూ ఒకదానితో ఒకటి కలిసిపోయి గట్టిపడతాయి, కొలత తప్పితే మిగిలిన భాగం ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. కలిపాక లోతు డబ్బాలో ఉంచినా కష్టమే, దాని వేడికి అదే ఉడికి పొగలు కక్కుతుంది. వెడల్పు ట్రేలో పరిచేయాలి. గట్టిపడ్డాక పైన జిడ్డులాంటి పొర వస్తుంది, దాన్ని నీళ్ళతో, గరుకు స్పంజితో కడిగి తర్వాతే సాండింగ్ చేయాలి. ముందే గరుకు కాగితం పెడితే ఆ జిడ్డు లోపలికి రుద్దుకుపోతుంది, పై పొర పట్టదు.

మళ్ళీ ఫోమ్ పెట్టాలా?

అతను వద్దన్నాడు. "అదే కదన్నా ఇంత పని పెట్టింది, ఖాళీగా వదిలేద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నీళ్ళు నిండితే ఈ బోటు తేలి ఉండాలి, మనుషులు దాన్ని పట్టుకుని ఉండగలగాలి. ఫైబర్ నీళ్ళలో మునిగితే దాని బరువులో మూడోవంతే తూగుతుంది. హల్, ఇంజిన్, బ్యాటరీ, సామాను, బోటును పట్టుకుని వేలాడే ఇద్దరు మనుషులు, అన్నీ లెక్క వేస్తే మాకు సుమారు 300 లీటర్ల తేలే పదార్థం కావాల్సి వచ్చింది. ఒక లీటరు ఫోమ్ ఇంచుమించు ఒక కిలోను మోస్తుంది.

మార్చింది పెట్టే పద్ధతిని. పోసే ఫోమ్ బదులు మూసి ఉన్న గదుల పాలిథీన్ ఫోమ్ దిమ్మలు కోసి అమర్చాం. థర్మాకోల్ లాంటి పాలిస్టైరీన్ పెట్టనివ్వలేదు. పెట్రోలు చుక్క తగిలినా, పాలియెస్టర్ రెసిన్ తగిలినా అది కరిగిపోతుంది. దిమ్మలు ఎక్కువ భాగం రెండు పక్కలా, పైకి పెట్టాం. ఫోమ్ అంతా అడుగునే ఉంటే నీళ్ళు నిండిన బోటు బోర్లా పడుతుంది. పక్కల పైన ఉంటే నిటారుగా తేలుతుంది. దిమ్మల కింద వేలు దూరేంత ఖాళీ, దూలాలకు అడుగున నీరు దాటే రంధ్రాలు, ఆ రంధ్రాల అంచులకు రెసిన్. వెనక డెక్‌లో చెయ్యి పట్టేంత రెండు గుండ్రటి మూతలు. ఏ నీరు వచ్చినా అది వెనక్కి పారాలి, మూత తీస్తే కనపడాలి.

మిగతా పనులు

ప్రతి బోల్టు రంధ్రాన్నీ కావాల్సినదానికంటే పెద్దగా తొలిచి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్ళీ అసలు సైజు రంధ్రం వేశాం. ఇక సీలెంట్ ఎప్పుడైనా వదిలినా నీరు ఎపాక్సీనే తాకుతుంది, చెక్కను కాదు. రంగు వేయబోయే చోట సిలికాన్ వాడొద్దు, ఒకసారి అంటితే దాని మీద ఇంకేదీ పట్టదు. వైర్లన్నీ మార్చాం, తగరం పూత ఉన్న రాగివే వేశాం. బ్యాటరీకి జానెడు లోపే ఫ్యూజు పెట్టాం. నీళ్ళు తోడే పంపు ఫ్లోట్ స్విచ్‌ను మాత్రం మెయిన్ స్విచ్‌తో పనిలేకుండా తన ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలిపాం. ఇంజిన్‌కు ప్రొపెల్లర్ షాఫ్ట్ సీల్, నీళ్ళ పంపు ఇంపెల్లర్, థర్మోస్టాట్, పెట్రోలు పైపు కొత్తవి. తుప్పు తన మీదికి తీసుకునే యానోడ్లు అల్యూమినియంవి పెట్టాం. మెగ్నీషియంవి మంచినీళ్ళకు, ఉప్పునీళ్ళలో చూస్తుండగానే కరిగిపోతాయి. వాటి మీద రంగు వేయకూడదు, వేస్తే అవి పని చేయవు.

అడుగున ఉన్న చిన్న బొబ్బల జోలికి పోలేదు. ఈ బోటు రోజూ ట్రెయిలర్ ఎక్కి ఆరుతుంది. వాటికోసం అడుగంతా గీరితే ఒక నెల పని, కొత్త రెసిన్ బరువు తప్ప అతనికి ఈ సీజన్‌లో వచ్చేదేమీ లేదు.

బ్యాటరీని అమరం దగ్గరినుంచి తీసి రెండున్నర మీటర్లు ముందుకు జరిపాం. 20 కిలోల బరువే, కానీ లెక్క ప్రకారం వెనక ఒక సెంటీమీటరు లేస్తుంది. స్టార్టర్‌కు వెళ్ళే కేబుల్ పొడవు పెరిగింది కాబట్టి లావు కేబుల్ వేయాల్సి వచ్చింది. సన్న కేబుల్ పెడితే ఇంజిన్ పొద్దున్నే మూలుగుతుంది.

నీళ్ళలో

మళ్ళీ అదే వేబ్రిడ్జి. 580 కిలోలు. అదే రేవు, అంతే పెట్రోలు, వెనక అదే చోట అతనే నిలబడ్డాడు. కొత్త టేపు దగ్గర కొలిస్తే 20 సెంటీమీటర్లు. పాత టేపు గుర్తు నీటికి ఏడు సెంటీమీటర్లు పైన పొడిగా ఉంది. అతను వంగి దాని మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే చూశాడు.

ఫుల్ థ్రాటిల్‌లో 5,350 ఆర్‌పీఎం వచ్చింది, అదే ప్రొపెల్లర్‌తో. పిచ్, అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టుకు ముందుకు జరిగే దూరం, ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 దాకా పెరుగుతుంది. పాత బరువుతోనే ప్రొపెల్లర్ మార్చి ఉంటే నాలుగు అంగుళాలు తగ్గించాల్సి వచ్చేది. అప్పుడు బోటు ఈ రోజుకంటే తక్కువ వేగంతో గోల చేసుకుంటూ వెళ్ళేది. ఇంజిన్‌ను ట్రాన్సమ్ మీద ఒక రంధ్రం పైకి, అంటే 19 మిల్లీమీటర్లు ఎత్తాం. మలుపుల్లో ప్రొపెల్లర్ గాలి పీల్చడం లేదు, ఇంజిన్ను చల్లబరిచే నీటి ధార బాగా వస్తోంది. రెండో రంధ్రం దగ్గర ధార సన్నబడింది, వెంటనే దించేశాం.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఇంజిన్ ఆపాక జరిగింది. ఇంజిన్ కాలు పైకి ఎత్తేసి అతను గెడ వేశాడు. అంతకుముందు కొనుగోలు రోజున గెడ వేసినప్పుడు అమరం నీళ్ళను ఈడ్చుకుంటూ వచ్చింది, వెనకాల బుడగలు, బురద. ఇప్పుడు రెండు తోపులకే బోటు చప్పుడు లేకుండా జారి మేట అంచుకు చేరింది. ముందు పదడుగుల దూరంలో చేపల గుంపు కదలకుండా అలాగే ఉంది.

ఆ తర్వాత

పనయ్యాక అతనికి ఒకటే అడిగాను. 20 సెంటీమీటర్ల దగ్గర అంటించిన టేపు తీసేసి, అక్కడ రంగుతో సన్నటి గీత గీయమన్నాను. నెలకోసారి అంతే సామానుతో, అదే చోట నిలబడి, ఎవరితోనైనా ఆ గీత చూపించుకోమన్నాను.

ఐదో నెల ఫోన్ చేశాడు. "అన్నా, గీత నీళ్ళ కిందికి పోయింది. వేలు మందం ఉంటుంది."

ఒక సెంటీమీటరు అనుకున్నాను. వెనక ఉంటే 14 లీటర్ల నీరు చాలు అంత రావడానికి. వెళ్ళి వెనక గుండ్రటి మూతలు రెండూ తీశాం. కుడివైపుది పొడిగా ఉంది. ఎడమవైపు చెయ్యి పెడితే మణికట్టు దాకా నీళ్ళు. స్పంజితో తోడి బకెట్‌లో కొలిస్తే 13 లీటర్ల పైచిలుకు. మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు ఒకచోట తెగి ఉంది. వల లాగేటప్పుడు బూటు మడమ రోజూ అక్కడే పడుతోందట. చుట్టూ ఉన్న ఫోమ్ దిమ్మను బయటికి తీసి తుడిచి తూచాం, పెట్టిన రోజు బరువే ఉంది. రింగు మార్చి, మూతను అర అడుగు పక్కకి జరిపి, పాత రంధ్రం ఫైబర్‌తో మూసేశాం. మూడో రోజు పొద్దున బోటు దించితే గీత మళ్ళీ సరిగ్గా నీటి అంచున నిలిచింది.